గడువు ఖైదీకి మాత్రమేనా? కేంద్ర హోంశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసుకునే న్యాయవాదిని. లీగల్ ఎయిడ్ కింద, అంటే పేదలకిచ్చే ఉచిత న్యాయసాయం కింద వచ్చే కేసులు చూస్తుంటాను. ఉరిశిక్ష పడిన ఖైదీల తరఫున, వాళ్ళ ఇళ్ళవాళ్ళ తరఫున అర్జీలు రాయడం కొన్నేళ్ళుగా నా పనిలో భాగమైపోయింది. ఆ అర్జీలకు జవాబు రాదు. కుదరదన్న జవాబు కూడా రాదు. అందుకే ఈసారి కవరులో పెట్టి పోస్టు చేయకుండా పదిమందీ చదివేలా రాస్తున్నాను.

పాత నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, ఉరిశిక్ష పడినవాళ్ళ క్షమాభిక్ష పిటిషన్ల గురించి చెప్పే 472వ సెక్షన్‌ను మీకు వివరించాల్సిన పని లేదు. మీ శాఖ తయారుచేసిన చట్టమే అది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో గడువులు ఎవరికి పెట్టారో దయచేసి ఇంకోసారి చదవండి. సుప్రీంకోర్టులో అప్పీలో రివ్యూనో కొట్టేశారని జైలు సూపరింటెండెంట్ చెప్పిన రోజు నుంచి క్షమాభిక్ష పెట్టుకోవడానికి ఖైదీకి 30 రోజులు. గవర్నర్ కాదంటే రాష్ట్రపతికి పెట్టుకోవడానికి 60 రోజులు. కేంద్రం కూడా రాష్ట్రపతికి 60 రోజుల్లో సిఫారసు పంపాలని రాశారు, నిజమే. ఆ 60 రోజులు ఎప్పటి నుంచి లెక్క? రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం, జైలు రికార్డులు చేతికందిన రోజు నుంచి. మరి రాష్ట్రం తన అభిప్రాయం ఎన్నాళ్ళలో పంపాలి? రాయలేదు. గవర్నర్ ఎన్నాళ్ళలో తేల్చాలి? రాయలేదు. రాష్ట్రపతి భవన్‌లో ఫైలు ఎన్నాళ్ళు ఉండొచ్చు? అదీ రాయలేదు. నిర్ణయం వచ్చాక 48 గంటల్లో రాష్ట్ర హోంశాఖకూ జైలు సూపరింటెండెంట్‌కూ తెలియజేయాలన్నారు. కన్నవాళ్ళకు చెప్పాలన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.

దీనివల్ల ఏం జరుగుతుందో నేను చూసినంతవరకు చెబుతాను. పేర్లు, ఊళ్ళు చెప్పను.

ఒకామె ఉంది. వ్యవసాయ కూలీ. కొడుక్కి ఉరిశిక్ష ఖాయమైంది, క్షమాభిక్ష పిటిషన్ వెళ్ళింది. ఆమె దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. కొడుకు ఆధార్ జిరాక్సు, ఇంగ్లీషులో ఉన్న తీర్పు కాపీ, పిటిషన్ అందినట్టు పోస్టాఫీసు నుంచి తిరిగొచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు అందులోనే ఉంటాయి. ఆ కార్డు మీద స్టాంపు సిరా అలికిపోయి తేదీ సగమే కనబడుతుంది. అయినా ఆమెకు అదే పెద్ద ఆధారం, ఎవరు కనిపించినా తీసి చూపిస్తుంది. ములాఖత్‌కు వెళ్ళాలంటే ముందురోజు రాత్రే బయల్దేరాలి, రెండు రోజుల కూలి వదులుకోవాలి. అంత దూరం వెళితే కొడుకు అడిగేది ఒక్కటే, ‘ఏమన్నా పేపరొచ్చిందా అమ్మా?’ అని. ఆమె తిరిగొచ్చి నన్ను అడుగుతుంది, ‘ఏం తేలింది సారూ?’ అని. నేను ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే ఫైలు పైకి వెళ్ళిందంటారు. కొన్నాళ్ళాగి చేస్తే అభిప్రాయం కోసం కిందికి పంపామంటారు. సమాచార హక్కు కింద అడిగితే ‘పరిశీలనలో ఉన్నది’ అని ఒక్క వాక్యం వస్తుంది. ఆ వాక్యాన్ని నేను తెలుగులో చదివి వినిపిస్తే, ‘మంచిదేనా సారూ?’ అని అడుగుతుంది. ఏం చెప్పమంటారు?

ఆ కుర్రాడు రాత్రి మూడు దాటాక నిద్రపోడు. ఉరి తెల్లవారుజామునే తీస్తారని జైల్లో ప్రతివాడికీ తెలుసు. ఆ వేళకు గేటు చప్పుడైతే లేచి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. డ్యూటీ మారే వార్డర్ బూట్ల చప్పుడు ఏదో, మామూలుగా రాని చప్పుడు ఏదో అతనికి తెలిసిపోతుంది. తెల్లగా తెల్లారి టీ బకెట్ వచ్చాకే కాస్త కునుకు తీస్తాడు. ఇది ఒక రాత్రో రెండు రాత్రులో కాదు మంత్రి గారూ, ఏళ్ళ తరబడి ఇదే. కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. రోజూ తెల్లవారుజామున ఉరి కోసం ఎదురుచూసే శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

అతను నేరం చేయలేదని నేను అనడం లేదు. చేశాడు. ప్రాణం పోయిన మనిషికీ ఇల్లుంది, అన్నదమ్ములున్నారు. వాళ్ళలో ఒకాయన కోర్టు ఆవరణలో నన్ను ఆపి అడిగాడు, ‘ఇంకెన్నాళ్ళండీ, ఏదో ఒకటి తేల్చరా?’ అని. కోపంగా అడిగాడు, ఆ కోపం న్యాయమైనదే. ఆయనకూ నా దగ్గర జవాబు లేదు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు 2013 ఫిబ్రవరి 21న జరిగాయి. కింది కోర్టు 2016 డిసెంబరులో ఉరి వేస్తే, హైకోర్టు దాన్ని 2025 ఏప్రిల్‌లో ఖాయం చేసింది. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళకు ఈ ఏళ్ళన్నీ ఎలా గడిచి ఉంటాయి? నిర్భయ తల్లిదండ్రులైతే ఒక డెత్ వారెంట్ (ఉరి ఎప్పుడో చెప్పే కోర్టు ఉత్తర్వు) తేదీ తర్వాత ఇంకో తేదీ వాయిదా పడుతుంటే కళ్ళారా చూశారు. 2012 డిసెంబరు నాటి నేరానికి 2020 మార్చి 20న ఉరి అమలైంది. జాప్యం వల్ల నలిగిపోయేది ఖైదీ పక్షం ఒక్కటే అనుకోవద్దు.

ఇది కొత్తగా పుట్టిన బాధా కాదు. 1974లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఈడిగ అన్నమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. అప్పుడు చూపిన కారణాల్లో ఒకటి, ఆమె రెండేళ్ళకు పైగా ఉరిశిక్ష ఖైదీల గదిలో ఉరి భయంతో బతికిందన్నది. 1983 ఫిబ్రవరిలో వైదీశ్వరన్ కేసులో మన జస్టిస్ చిన్నపరెడ్డి గారు ఇంకో అడుగు వేసి, శిక్ష పడ్డాక రెండేళ్ళు దాటితే ఉరి వద్దని అడిగే హక్కు ఖైదీకి ఉంటుందన్నారు. కొద్ది వారాలకే షేర్‌సింగ్ కేసులో ఇంకో బెంచి, అలా ఇన్నేళ్ళని గీత గీయలేమంది. 1989లో త్రివేణీబెన్ కేసులో ఐదుగురు జడ్జీలు కూర్చుని, జాప్యాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే కానీ ఇన్నేళ్ళని చెప్పలేమన్నారు. ఆ గీత గీయాల్సింది పార్లమెంటు. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో జాప్యం, మానసిక అనారోగ్యం వంటి కారణాలతో 15 మంది ఉరిని సుప్రీంకోర్టు ఒకేసారి యావజ్జీవంగా మార్చింది. వాళ్ళలో కొందరి పిటిషన్లు పదేళ్ళు దాటి నానాయి. మరుసటి నెలలోనే రాజీవ్ గాంధీ హత్య కేసులో ముగ్గురికి అదే కారణంతో శిక్ష తగ్గింది. తప్పు ఎవరిదని కోర్టు చెప్పింది? కార్యనిర్వాహక వ్యవస్థదని. పదేళ్ళ తర్వాత కొత్త చట్టం రాసే అవకాశం వచ్చింది. ఆ తప్పును దిద్దుకునే చోటే ఖాళీ వదిలేశారు.

పైగా ఆ 2014 తీర్పు చెప్పిన మంచి మాటల్ని కూడా సెక్షన్‌లోకి తీసుకోలేదు. తిరస్కరణను ఖైదీకి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇంటివాళ్ళకు ముందే చెప్పాలి, ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలి, లీగల్ ఎయిడ్ అందాలి అని కోర్టు అంది. ఎందుకన్నదో మీకు తెలుసు. 2013 ఫిబ్రవరి 9న తీహార్ జైల్లో పార్లమెంటుపై దాడి కేసు ఖైదీ అఫ్జల్ గురును ఉరి తీశాక, ఆ సంగతి చెప్పే స్పీడ్ పోస్టు ఉత్తరం కశ్మీర్‌లోని ఇంటికి రెండు రోజులకు చేరింది. ఎంత పెద్ద నేరమైనా, భర్త చనిపోబోతున్నాడని భార్యకు ముందు తెలియాలి కదా! 2020 జనవరిలో మీ శాఖ సుప్రీంకోర్టుకు వెళ్ళి ఈ మార్గదర్శకాలను మార్చమని అడిగింది. ఖైదీకి గడువు ఇంకా తగ్గించమంది, డెత్ వారెంట్ వచ్చాక క్షమాభిక్షకు ఏడు రోజులు చాలంది. ప్రభుత్వానికి కూడా ఒక గడువు పెట్టమని అదే దరఖాస్తులో అడిగి ఉంటే ఈ లేఖ రాసే అవసరం నాకు వచ్చేది కాదు.

ఇక ఏడో ఉపసెక్షన్. రాష్ట్రపతి నిర్ణయం మీద ఏ కోర్టులోనూ అప్పీలు లేదు, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో ఏ కోర్టూ విచారించకూడదు అని రాశారు. క్షమాభిక్ష నిర్ణయాలను కోర్టులు పరిమితంగా పరిశీలించవచ్చని 2006లో మన దగ్గరి నుంచే వెళ్ళిన ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగంలోని 32, 226 అధికరణాల కింద సుప్రీంకోర్టుకు, హైకోర్టుకు వెళ్ళే హక్కును మామూలు చట్టం మింగేయలేదని మేం వాదిస్తాం. గెలుస్తామన్న నమ్మకమూ ఉంది. కానీ ఆ వాదన ఏదో ఒక రాత్రి, డెత్ వారెంట్ చేతిలో పట్టుకుని, తెల్లారేలోపు చేయాల్సి వస్తుంది. ఆ టెన్షన్‌లో ఒక పేదవాడి ప్రాణాన్ని ఎందుకు పెట్టాలి?

చిలకలూరిపేట సంగతి గుర్తు చేస్తాను. 1993 మార్చిలో బస్సు తగలబడి 23 మంది కాలిపోయారు. ఘోరమే. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది, సుప్రీంకోర్టు ఖాయం చేసింది, రాష్ట్రపతి క్షమాభిక్ష కాదన్నారు. 1997 మార్చిలో, ఉరికి కొన్ని గంటల ముందు సుప్రీంకోర్టు ఆపింది. హక్కుల సంఘాలవాళ్ళు, రచయితలు కదిలారు. మళ్ళీ పిటిషన్ వెళ్ళింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ ఆ ఇద్దరి శిక్షను యావజ్జీవంగా మార్చారు. మీ 472 ప్రకారం పిటిషన్ వేయాల్సింది ఖైదీ, వారసులు, బంధువులు. అదీ అంతకుముందు వేసి ఉండకపోతేనే. బయటివాళ్ళ మాట లేదు, రెండో పిటిషన్ మాట లేదు, కోర్టు అడగకూడదు. ఆ ఇద్దరూ ఈ చట్టం కింద ఉంటే ఏమయ్యేవారో మీరే చెప్పండి.

కారణాల సంగతి కూడా చెప్పాలి. 1898 నాటి నేర విచారణ స్మృతిలో, ఉరికి తగిన కేసులో ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో జడ్జి రాయాల్సి వచ్చేది. 1955 సవరణతో అది పోయింది. 1973 స్మృతి వచ్చాక తిరగబడి, ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలయ్యింది. 1980లో బచన్‌సింగ్ కేసు దాన్ని అత్యంత అరుదైన కేసులకు కుదించింది. మీ కొత్త సంహితలోనూ 393వ సెక్షన్‌లో ఆ నియమం ఉంది. అంటే జడ్జి కారణం చెప్పకుండా ఉరి వేయడానికి వీల్లేదు. క్షమాభిక్ష కాదన్నప్పుడు మాత్రం ఒక్క కారణమూ చెప్పనక్కర్లేదు. చివరి తలుపు అదే కదా, అక్కడ ఎందుకీ మౌనం?

తప్పులు జరగవా? 2009లో సుప్రీంకోర్టే ఆరుగురికి ఉరి అంది. నాసిక్ కేసు. అందరూ సంచార జాతివాళ్ళు, చదువు లేనివాళ్ళు. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని వదిలేసింది, ఒక్కొక్కరికి 5 లక్షల పరిహారం ఇమ్మంది. అప్పటికి 16 ఏళ్ళు పోయాయి. అంతకుముందు ఒకే నేరంలో ముగ్గురికి ఉరి పడితే ఒకరికి సుప్రీంకోర్టులో శిక్ష తగ్గింది, ఒకరిని 1981 అక్టోబరులో ఉరి తీసేశారు, మిగిలిన హర్‌బన్స్‌సింగ్ మళ్ళీ కోర్టుకెక్కితే ఈ తేడా బయటపడింది. చనిపోయినవాడి విషయంలో ఇక చేసేదేముంది?

ఉరిశిక్షే వద్దన్నది నా అభిప్రాయం, దాచను. 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు దాన్ని రద్దు చేయడమే సరైనదన్నారు. 2015లో జస్టిస్ ఏ.పి.షా అధ్యక్షతన లా కమిషన్ తన 262వ నివేదికలో ఉగ్రవాదం, దేశంపై యుద్ధం కేసులు తప్ప మిగతావాటికి తీసేయమంది. ఆ నివేదికను సభలో చర్చకు పెట్టమని ఎంతమంది అడగలేదు! అది జరగలేదు, సరే. ఉరి ఉండాల్సిందేనని మీ ప్రభుత్వం అనుకుంటే దానికీ ఒక పద్ధతి ఉండాలని మాత్రమే ఈ లేఖలో అడుగుతున్నాను.

అయ్యా, వేడుకుంటున్నాను. రాష్ట్రానికి ఒక గడువు పెట్టండి, గవర్నర్ కార్యాలయానికి పెట్టండి, మీ శాఖకు నిజంగా పనిచేసే గడువు పెట్టండి. కాదంటే ఎందుకు కాదన్నారో ఖైదీకి అర్థమయ్యే భాషలో కాగితం మీద ఇవ్వండి. ఇంటివాళ్ళకు ముందే చెప్పండి. ఆ 14 రోజుల్ని సెక్షన్‌లో రాయండి. ఏడో ఉపసెక్షన్ తీసేయండి. ఇవేవీ ఇప్పట్లో కుదరవంటే, పెండింగులో ఉన్న ప్రతి పిటిషన్ ఎవరి దగ్గర ఉందో, ఏ తేదీ నుంచి ఉందో చెప్పే ఒక్క కాగితం ప్రతి ఖైదీ ఇంటికీ, చనిపోయినవారి ఇంటికీ మూడు నెలలకోసారి పంపించే ఏర్పాటు చేయండి. దానికి చట్టం మార్చనక్కర్లేదు, మీ సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. ఆ సర్క్యులర్ ఎప్పుడిస్తారో తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
లీగల్ ఎయిడ్ కేసులు చూసే ఒక తెలుగు న్యాయవాది