ప్రాక్టీసు గది నుంచి వీధిలోకి

ప్రియమైన సుధా,

నీ ఉత్తరం అందింది. ఎక్కడ చూసినా బ్యాలే షూస్, ముందు చుట్టి ముడేసుకునే టాప్‌లు, శాటిన్ రిబ్బన్లే కనిపిస్తున్నాయనీ, జన్మలో ఒక్క స్టెప్పు వెయ్యనివాళ్లకి కూడా ఇవెందుకు నచ్చుతున్నాయో తెలియడం లేదనీ రాశావు. నాకు ప్రాణమైన విషయమే ఎత్తావు. తీరిగ్గా కూర్చుని చదువు, ఇది ఇప్పట్లో ఆగే ఉత్తరం కాదు.

డాన్స్ బట్టలంటే మనకి లైట్ల కింద మెరిసేవే గుర్తొస్తాయి. కానీ అందరి ఒంటిమీదికీ వచ్చినవి ఎక్కువగా ప్రాక్టీసు గదిలోవి. పొద్దున్నే క్లాసుకి వేసుకునేవి, రిహార్సల్ మధ్యలో చలి తగలకుండా చుట్టుకునేవి. వాటిని ఎవరూ అందం కోసం తయారుచేయలేదు. కాలు లేవాలి, నడుం తిరగాలి, కండరం చల్లబడకూడదు. ఈ అవసరాలే వాటి కొలతలు తీశాయి. కుట్టుపని తెలిసినదానివి, నీకు ఇది వెంటనే అర్థమవుతుంది.

నీ ఫ్లాట్స్, అదే హీల్ లేని బ్యాలే షూస్, జత ఒకటి చేతిలోకి తీసుకో. ముందువైపు సరిగ్గా మధ్యలో చిన్న బో ఉంటుంది చూడు. క్లాసులో వేసుకునే స్లిప్పర్‌కి అక్కడ ఉండేది నాడా. షూ అంచుని చుట్టూతా సన్నగా మడిచి కుట్టి, అందులోంచి నాడా పోనిస్తారు. రెండు కొసలూ ముందుకి వస్తాయి. కాలు పెట్టి లాగితే అంచంతా పాదానికి అతుక్కుంటుంది. ముడి వేశాక మిగిలిన కొసలు కత్తిరించి లోపలికి దోపేస్తాం. అవి బయటికి కనిపిస్తే మా టీచర్ ఊరుకోదు. వీధిలో వేసుకునే షూ మీద మాత్రం ఆ ముడి దర్జాగా పైనే కూర్చుంది. చాలా జతల్లో దాన్ని లాగినా ఏదీ బిగియదు. చేయాల్సిన పని పోయినా గుర్తు మాత్రం మిగిలిపోయింది, నాకు అది చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

ఇప్పుడు తిరగేసి అడుగు చూడు. క్లాసు స్లిప్పర్ సోల్ పాదం కంటే సన్నగా, పలచటి తోలుతో ఉంటుంది. కొన్నింటికి వేళ్ల కింద ఒక ముక్క, మడమ కింద ఒక ముక్క, మధ్యలో ఉత్త గుడ్డే. పాదం పూర్తిగా వంగాలంటే మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదు మరి. అలాంటిది రోడ్డు మీద ఒక్కరోజు కూడా నిలవదు. దానికి గట్టి సోల్ వేసి బయటికి తేవాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందనేది మంచి కథ.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో తోలు బూట్లకి రేషన్ పెట్టారు. బ్యాలే స్లిప్పర్లకి మాత్రం ఆ రేషన్ లేదు. క్లెయిర్ మెకార్డెల్ అనే డిజైనర్ ఇది గమనించి, 1887 నుంచి డాన్స్ షూస్ చేస్తున్న కపేజియో కంపెనీ చేత స్లిప్పర్లకే గట్టి సోల్ వేయించి తన బట్టలతో జత చేసింది. యుద్ధం అయ్యాక 1947లో పారిస్‌లో రోజ్ రెపెట్టో డాన్స్ షూస్ కుట్టడం మొదలుపెట్టింది. కొడుకు రోలాండ్ పెటీ డాన్సర్, అతని కాళ్ల నొప్పులు చూడలేక పూనుకుంది. షూని లోపలివైపు బయటికి పెట్టి కుట్టి, తర్వాత తిరగేస్తారు. నువ్వు జాకెట్ మెడ తిప్పినట్టే అనుకో. 1956లో సినిమా నటి బ్రిజిట్ బార్డో వచ్చి, బయట వేసుకోవడానికి అంతే తేలిగ్గా ఉండే జత కావాలని అడిగింది. ఆమె చిన్నప్పుడు బ్యాలే నేర్చుకున్న మనిషే. లండన్‌లో మరీ రాంబెర్ దగ్గర బ్యాలే నేర్చుకున్న నటి ఆడ్రీ హెప్‌బర్న్ కోసం షూ డిజైనర్ ఫెర్రగామో 1954లోనే అలాంటి షూ చేశాడు. ఒకసారి ఆ తేలిక అలవాటైన పాదం హీల్స్‌లో ఇమడలేదని నేను అనుకుంటాను, వీళ్లిద్దరూ అదే చూపించారు.

అసలు హీల్ తీసెయ్యడమన్నది అంతకంటే చాలా పాతది. 18వ శతాబ్దంలో పారిస్ ఒపేరాలో మరీ కామార్గో అనే డాన్సర్ తన కాళ్ల పని జనానికి కనిపించాలని గౌను అంచు పైకి తగ్గించింది, షూ హీల్ కూడా తీసేసిందంటారు. ఆ రోజుల్లో అది పెద్ద సాహసమే.

ఇక పిక్కలకి తొడుక్కునే లెగ్ వార్మర్స్, ముందు చుట్టి ముడేసుకునే ర్యాప్ టాప్‌ల సంగతి. క్లాసులో మొదట మోకాళ్లు వంచే ప్లియేలు, తర్వాత పాదాన్ని నేలమీద జార్చి చాచే టాండ్యూలు, అలా నెమ్మదిగా ఒళ్లు వేడెక్కిస్తాం. ఆ తర్వాత పక్కన నిలబడి మన వంతు కోసం చూడాల్సి వచ్చిందంటే పిక్కలు చల్లబడి బిగుసుకుపోతాయి. ఆ స్థితిలో గెంతితే దెబ్బ తగలొచ్చు. అందుకే ఉన్ని తొడుగులు. ర్యాప్ టాప్ అయితే తలమీదుగా తియ్యక్కర్లేదు, కట్టిన జుట్టు చెదరదు, నడుం దగ్గర ముడి విప్పితే చాలు ఒక్క క్షణంలో వచ్చేస్తుంది. 1974లో డిజైనర్ డయాన్ వాన్ ఫర్స్టెన్‌బర్గ్ తెచ్చిన ర్యాప్ డ్రెస్‌కి ముందు ఆవిడ చేసింది ఇలాంటి టాపే. దాన్ని కిందికి పొడిగిస్తే డ్రెస్ అయ్యింది. ఆఫీసుకి వెళ్లే ఆడవాళ్లకి అది ఎందుకంత నచ్చిందో నాకు తెలుసు. ఒళ్లు కొంచెం పెరిగినా తగ్గినా అదే డ్రెస్ సరిపోతుంది!

డాన్సర్లు ఒంటికి అతుక్కునేలా వేసుకునే లియోటార్డ్ పేరు జూల్ లియోటార్ అనే ఫ్రెంచ్ సర్కస్ కళాకారుడిది. ట్రపీజ్ అనే వేలాడే ఊయల కర్ర మీద ఊగేటప్పుడు బట్ట ఎక్కడా పట్టుకోకూడదని అతను ఒంటికి అతుక్కునే తొడుగు వేసుకునేవాడు. డాన్సర్లు దాన్ని సొంతం చేసుకున్నారు. 1958లో డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ లైక్రా దారం కనిపెట్టాక సాగి మళ్లీ యథాస్థానానికి వచ్చే గుడ్డ దొరికింది. 1985లో డిజైనర్ డోనా కరన్ లియోటార్డ్ లాంటి బాడీసూట్‌ని అడుగున పెట్టి, పైన స్కర్టు, జాకెట్ మార్చుకుంటూ పోయేలా మొత్తం కలెక్షనే చేసింది. క్లాసు అయిపోగానే లియోటార్డ్ మీదే స్కర్టు చుట్టుకుని బయటికి వచ్చే అమ్మాయిలు చేసేది కూడా ఇదే.

స్టేజీ నుంచి ఏమీ రాలేదని అనను. 1832లో బ్యాలే డాన్సర్ మరీ టాలియోనీ వేసుకున్న తెల్లటి పలచని గంట ఆకారపు స్కర్టు లేకపోతే ఈ రోజు ఇన్ని నెట్ స్కర్టులు ఉండేవి కావు. 1910లో పారిస్‌లో ద్యాగిలెవ్ నడిపిన రష్యన్ బృందం ఆడిన బ్యాలేకి లియోన్ బాక్స్ట్ వేసిన డ్రెస్సులైతే, ఆ నారింజ, నీలం, పచ్చ రంగులతో ఊరంతటినీ పట్టి ఊపేశాయి. ఆ రోజుల్లోనే పారిస్ డిజైనర్ పాల్ పొయిరే వదులు పైజామాలు, తలపాగాలు తెచ్చాడు. అయితే ఆ మోజు అంతే వేగంగా వచ్చి వెళ్లిపోయింది. నాడా షూ మాత్రం వెళ్లలేదు. ఈ తేడానే నీకు చెప్పాలని ఇంత రాస్తున్నాను.

బ్యాలే ఒక్కటే కాదులే. 1913 ప్రాంతంలో టాంగో పిచ్చి పట్టినప్పుడు అడుగు వెయ్యడానికి వీలుగా స్కర్టుకి చీలిక పెట్టారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో బ్రేక్ డాన్స్ చేసే కుర్రాళ్లు నేలమీద జారడానికి బాగుంటుందని నైలాన్ ట్రాక్‌సూట్లు వేసుకున్నారు, అవి ఇప్పుడు ప్రపంచమంతా వేసుకుంటోంది.

ఒక్క విషయం మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. గులాబీ టైట్స్, గులాబీ శాటిన్ షూస్ అంటే బ్యాలేకి మారుపేరు కదా. తుంటి నుంచి బొటనవేలి వరకు కాలు ఒకే గీతలా కనిపించాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. కానీ ఆ గీత ఎవరి కాలికి? తెల్లవాళ్ల ఒంటిరంగుకే అది సరిపోతుంది. 1969లో ఆర్థర్ మిచెల్, కారెల్ షుక్ కలిసి న్యూయార్క్‌లో నల్లజాతి డాన్సర్ల కోసం డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ అనే బ్యాలే బృందం పెట్టారు. 1974 నుంచి అక్కడి డాన్సర్లు తమ ఒంటిరంగుకి తగ్గ టైట్స్, షూస్ వాడుతున్నారు. రంగు కలిసే షూ దొరక్క ఎందరో మొహానికి రాసుకునే ఫౌండేషన్‌ని స్పాంజితో శాటిన్‌కి పూసుకుంటూ వచ్చారు, ప్రతి కొత్త జతకీ మళ్లీ అదే పని. ఫ్రీడ్ ఆఫ్ లండన్ అనే షూ కంపెనీ, బ్యాలే బ్లాక్ అనే బృందంతో కలిసి గోధుమ రంగు, కంచు రంగు పాయింట్ షూస్ (వేళ్ల కొసల మీద నిలబడేవి) తెచ్చింది 2018లో! ఇంత ఆలస్యానికి సమర్థన ఏమీ లేదు. ఇప్పుడు బట్టల కంపెనీలు "స్కిన్ కలర్" అని ఒకే రంగు అమ్మకుండా వరసగా ఎన్నో ఛాయలు పెడుతున్నాయంటే, అందులో ఈ డాన్సర్ల పట్టుదల కూడా ఉంది. ఫ్యాషన్‌కి డాన్స్ ఇచ్చినవాటిలో నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవించేది ఇదే.

2022లో మియూ మియూ అనే బ్రాండ్ శాటిన్ ఫ్లాట్స్ వచ్చిన దగ్గర్నుంచి ఈ మోజు మళ్లీ ఊపందుకుంది. "బ్యాలేకోర్" అనే పేరు కూడా పెట్టేశారు. కాలర్‌కి, జడకి, బ్యాగుకి కట్టే రిబ్బన్లు కొన్నాళ్లకి పోతాయి, వాటికోసం పెద్దగా ఖర్చు పెట్టకు. ఫ్లాట్స్ కొంటే మాత్రం మంచి ఇన్‌సోల్ వేసుకో. ఆ పలచటి సోల్ చెక్క నేలకోసం పుట్టింది, సిమెంటు మీద రోజంతా నడిస్తే మడమలు పట్టేస్తాయి.

నువ్వు కుడతానన్న ర్యాప్ టాప్‌కి సాగే జెర్సీ గుడ్డ తీసుకో. కుడిపక్క కుట్టులో చిన్న సందు వదులు, లోపలి తాడు అందులోంచి బయటికి వచ్చి వెనకనుంచి చుట్టుకోవాలి. చాలామంది ఆ సందు పెట్టరు, దాంతో ముడి దగ్గర గుడ్డ ఉబ్బిపోతుంది. చంక కింద బిగువు లేకుండా చూడు, చెయ్యి పూర్తిగా పైకెత్తినా నడుం దగ్గర అంచు కదలకూడదు. కత్తిరించే ముందు ఫోటో పెట్టు, కొలతలు ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
లలిత