బాబాయ్, ఆ పెద్ద కారు కొనేముందు ఇది చదువు

బాబాయ్‌కి నమస్కారాలు,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఆరేళ్ల పాత లగ్జరీ సెడాన్, పైగా ఎయిర్ సస్పెన్షన్‌తో (అంటే స్ప్రింగుల బదులు గాలి నింపిన సంచుల మీద నిలబడే కారు), కొత్తదాని ధరలో మూడో వంతుకే వస్తోందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఫోన్లో అయితే సగం మాట్లాడి సగం మర్చిపోతాం, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ హార్స్‌పవర్ లెక్కలు పక్కన పెట్టు. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌లో వెయ్యికి పైగా హార్స్‌పవర్ ఉంది, పికప్‌లో అది ఎన్నో పేరున్న పెట్రోల్ కార్లను వెనక్కి నెట్టేస్తుంది, కాబట్టి ఒక్క పికప్ చూసి ఇప్పుడు లగ్జరీ కారుకు విలువ కట్టలేం. ఇక్కడ జర్మనీలో ఆటోబాన్ అనే ఎక్స్‌ప్రెస్ హైవే మీద వేగానికి హద్దు లేని చోట్ల కూడా పెద్ద కార్లు చాలావరకు గంటకు 250 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి, ఎందుకంటే 1980ల చివర్లో కంపెనీలే తమలో తాము మాట్లాడుకుని ఆ హద్దు పెట్టుకున్నాయి. మరి అంత ఇంజిన్ ఎందుకంటావా? వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుని వెళ్లడానికి ఎనిమిది రెట్ల పవర్ కావాలి. చిన్న ఇంజిన్ 160 దాటాక ఆయాసపడుతుంది, పెద్దది అదే వేగంలో ఇంకా బోలెడంత శక్తి చేతిలో పెట్టుకుని నింపాదిగా పోతుంది.

అసలు పెర్ఫార్మెన్స్ అంటే ఏంటో నాకు బాగా అర్థమైంది మా కొలీగ్ కారు నడిపిన రోజు. ఎడమ లేన్లో మంచి స్పీడులో ఉన్నాం, ముందున్న లారీ ఓవర్‌టేక్ చేయడానికి ఉన్నట్టుండి మా లేన్లోకి వచ్చేసింది, బ్రేక్ గట్టిగా తొక్కాను. స్టీరింగ్ పక్కకి లాగలేదు, ముక్కు కిందికి పెద్దగా వంగలేదు, పక్క సీట్లో ఆయన మాట కూడా ఆపలేదు! పెర్ఫార్మెన్స్ అంటే నా దృష్టిలో అదే. 1989లో లెక్సస్ వాళ్లు ఎల్‌ఎస్ 400 తెచ్చినప్పుడు యాడ్‌లో కారును రోలర్ల మీద పరుగెత్తిస్తూ బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి చూపించారు. వేగం కన్నా ఇంజిన్ ఎంత నున్నగా తిరుగుతుందో చూడమన్నారు, ఆ దెబ్బతో జర్మన్ కంపెనీలు కూడా ఉలిక్కిపడ్డాయి.

ఇక విలువ సంగతి. లగ్జరీ కార్లలో వచ్చిన మంచి విషయాలు మెల్లగా మామూలు కార్లలోకి దిగుతాయి. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది, కారు జారి పక్కకి తిరిగిపోకుండా ఆపే ఈఎస్‌పీ 1995లో అదే కంపెనీ పెద్ద కూపేలో (రెండు తలుపుల కారులో) వచ్చింది, ఇప్పుడు రెండూ చిన్న కార్లలోనూ ఉన్నాయి. ఇంకోటి, ఆడి క్యూ7, పోర్షే కయెన్, బెంట్లీ బెంటేగా, లంబోర్గిని ఉరుస్, నాలుగింటికీ అడుగున ప్లాట్‌ఫామ్, అంటే కారు కట్టే పునాది, ఒకటే. ఇంజిన్ ట్యూనింగ్, లోపలి లెదర్, చేతిపని వేరు, నిజమే, కానీ ధరలో ఉన్న తేడా అంతా రోడ్డు మీద కనిపించదు.

పోర్షే 911 లాంటివి పాతబడ్డా ధర నిలుపుకుంటాయి. పెద్ద సెడాన్లు అలా కాదు, మొదటి కొన్నేళ్లలోనే సగానికి సగం పడిపోతాయి. రిపేర్లకు జనం భయపడతారు కాబట్టి. ఆ భయం ఉత్తిదేం కాదు బాబాయ్. కారు ధర మూడో వంతుకు దిగింది కానీ దాని స్పేర్ పార్టుల ధర దిగలేదు, హెడ్‌లైట్ పోయినా గేర్‌బాక్స్ పోయినా కొత్త కారు యజమాని కట్టేంత బిల్లే నువ్వూ కట్టాలి.

ఎయిర్ సస్పెన్షన్ సంగతే తీసుకో. సాయంత్రం కారును చదునైన చోట ఆపించు, నాలుగు చక్రాల దగ్గరా టైరుకూ దాని పైనున్న ఫెండర్ (మడ్‌గార్డ్) అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూసుకో. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మళ్లీ చూడు. ఒక మూల కుంగి ఉంటే అక్కడ గాలి లీకవుతోందన్నమాట. అలాగే వదిలేస్తే ఆ లోటు పూడ్చడానికి గాలి నింపే కంప్రెసర్ అస్తమానం తిరిగి తిరిగి కాలిపోతుంది, మా ఆఫీసులో ఒకతనికి అచ్చం ఇలాగే అయింది, పాపం చాలా ఖర్చు పెట్టాడు. ఇంజిన్ కూడా రాత్రంతా చల్లారాకే స్టార్ట్ చేయించు, వేడిగా ఉంటే కొన్ని లోపాలు బయటపడవు. నువ్వు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఎందుకు ముందే ఆన్ చేశారని అడుగు, మొహమాటపడకు.

నన్నడిగితే ఇదే డబ్బుకు ఒక సైజు చిన్నది, మామూలు స్ప్రింగుల సస్పెన్షన్ ఉన్నది, ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో ఇంకా తక్కువ తిరిగిన కారు చూడమంటాను. సాఫీగా పోవడం, బ్రేకుల మీద నమ్మకం, రెండూ అందులో చాలావరకు దొరుకుతాయి. లేదు, నాకు ఈ పెద్దదే కావాలంటావా, సరే, కారుకు పెట్టే డబ్బు కాక ఒక పెద్ద రిపేరుకు సరిపడా విడిగా దాచుకుని కొను. సర్వీస్ రికార్డు ప్రతి పేజీ ఫొటో తీసి పంపు, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అందులో నేను చూస్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

పిన్నికి నమస్కారాలు చెప్పు.

నీ కొడుకులాంటి
శ్రీను