వాడి ప్రాజెక్టులో ఇది కూడా రాయమను

చిరంజీవి బుజ్జికి, నాన్న ఆశీస్సులు.

స్కూలు ప్రాజెక్టు కోసం, తాతయ్య అప్పట్లో అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల ఊరేగింపులకి వెళ్ళాడా అని మనవడు అడిగాడన్నావు. వెళ్ళలేదమ్మా. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాణ్ణి, తిరిగి పంపించేస్తారని భయం. కానీ 1963 నుంచి అట్లాంటాలోనే ఉన్నాను, చూసింది చెప్తాను.

నాతో చదివే నల్ల కుర్రాడూ నేనూ ఓ శనివారం హోటల్‌కి వెళ్ళాం. అక్కడావిడ నన్ను ఎగాదిగా చూసి "ఏ దేశం?" అంది. ఇండియా అనగానే కుర్చీ చూపించింది. వాడికి మాత్రం "మీవాళ్ళకి ఇక్కడ పెట్టం" అని చెప్పేసింది. రంగు చూడబోతే వాడికంటే నేనే ఒక పిసరు ఎక్కువ! ఇద్దరం బయటికొచ్చేశాం. "రేపట్నుంచి నేనూ తలపాగా చుట్టుకొస్తా" అని వాడు నవ్వాడు. నాకు మా ఊరి టీకొట్టు చూరులో దోపిన వేరే గ్లాసులు గుర్తొచ్చాయి. అక్కడ మనది ఏ గ్లాసో నీకు తెలుసు.

1964 జులైలో పౌరహక్కుల చట్టం వచ్చాక హోటళ్ళు దారికొచ్చాయి. అద్దె ఇళ్ళు రాలేదు. ఫోన్లో ఖాళీ ఉందన్న ఇల్లు, నేను గుమ్మంలో నిలబడేసరికి నిండిపోయేది. ఇళ్ళ దగ్గర ఆ వివక్ష కూడదనే చట్టం రావడానికి, నల్లవాళ్ళ ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ గారి ప్రాణం పోవాల్సొచ్చింది. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపారు, 11న ఆ చట్టం మీద సంతకమైంది. మధ్యలో 9న అంత్యక్రియలు, రోడ్డు పక్కన నిలబడి చూశాను. పాత పొలం బండి, దానికి రెండు కంచరగాడిదలు, బండి మీద శవపేటిక. వెనక ఇసుక వేస్తే రాలనంత జనం. ఆవేళ మోర్‌హౌస్ కాలేజీలో నివాళి ప్రసంగం చేసిన బెంజమిన్ మేస్, కింగ్ గారి గురువు, 1936లో వార్ధా వెళ్ళి గాంధీగారిని కలిసొచ్చినాయన.

ఇంకొకటి. "మన తెలివితో పైకొచ్చాం, వాళ్ళెందుకు రాలేరు" అని నల్లవాళ్ళ గురించి మనవాళ్ళు పార్టీల్లో అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. 1965కి ముందు ఇక్కడ స్థిరపడటానికి ఇండియా వాళ్ళకిచ్చిన కోటా ఏడాదికి 100 మంది. వందంటే వందే! ఆ కోటాలు ఎత్తేసే చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ 1965 అక్టోబర్ 3న సంతకం పెట్టాడు. అలబామాలోని సెల్మా ఊళ్ళో వంతెన మీద నల్లవాళ్ళు లాఠీదెబ్బలు తిని సాధించుకున్న ఓటుహక్కు చట్టానికి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. తెలివి నాకు అంతకుముందూ ఉంది. గ్రీన్‌కార్డు, మీ అమ్మ రావడం, నువ్వు ఇక్కడ పుట్టడం అన్నీ ఆ తర్వాతే.

ఇంకేమైనా కావాలంటే వాణ్ణే ఫోన్ చెయ్యమను. కాస్త గట్టిగా మాట్లాడమను, తెలుగులోనే.

నాన్న