కోచ్‌ను ఎంచుకునే ముందు ఒక్క మాట

ఆంకరేజ్, సెప్టెంబర్ 2021

అలాస్కా యూనివర్సిటీ, ఆంకరేజ్ అథ్లెటిక్ డైరెక్టర్ గారికి నమస్కారం.

పోయినేడు యూనివర్సిటీని నడిపే బోర్డు సభ్యులు, రీజెంట్లు, మన ఐస్ హాకీ జట్టును తీసేయాలని ఓటేశారు. 30 లక్షల డాలర్లు తెస్తే ఉంచుతామన్నారు. తెచ్చాం. మా వీధి పిల్లలు గ్యారేజీ ముందు నిమ్మరసం అమ్మి, జిగురంటిన చిల్లర కాఫీ డబ్బాలో పోసి ఇచ్చారు. ఆ డబ్బా బరువు నా చేతికింకా గుర్తుంది.

కోచ్ విషయంలో పెద్ద పేరు వెంట పడకండి. ఆటగాళ్లను మళ్లీ మొదటినుంచి కూడగట్టాలి. ఈ చలి, ఈ దూరం తెలిసినవాళ్లు కావాలి. రెండేళ్లకే మూటాముల్లె సర్దుకునేవాళ్లు వద్దు.

కాన్ఫరెన్స్, అంటే కాలేజీ జట్లు కలిసి ఆడే లీగ్, సంగతి ఇంకా కష్టం. మన పాత కాన్ఫరెన్స్ నుంచి ఏడు జట్లు విడిపోయి సీసీహెచ్ఏ అనే వేరే కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి, మనల్ని పిలవలేదు. మనలాగే మిగిలిపోయిన అలబామా యూనివర్సిటీ, హంట్స్‌విల్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ చోటు దొరక్క మే నెలలో జట్టునే ఆపేసింది. ఆ వార్త చదివి నాకు నిద్ర పట్టలేదు. కాన్ఫరెన్స్ లేకపోతే ఛాంపియన్లకు నేరుగా దక్కే జాతీయ టోర్నీ బెర్తు మనకుండదు. అయినా అరిజోనా స్టేట్ యూనివర్సిటీ జట్టు 2019లో ఏ కాన్ఫరెన్స్ లేకుండా ఒంటరిగానే ఆ టోర్నీకి వెళ్లింది.

మనలాగే మిగిలిపోయిన అలాస్కా యూనివర్సిటీ, ఫెయిర్‌బ్యాంక్స్‌తో కలిసి కాన్ఫరెన్స్‌ల తలుపులు తట్టండి. ఎవరితో మాట్లాడుతున్నారో మాకూ చెప్పండి.

మీ సీజన్ టికెట్‌దారు