రెండు వందల ఫైన్‌కి గడువు లేదా?

సంపాదకులు గారికి,

మీ పత్రికలో వచ్చే ఉద్యోగాల పేజీని నేను వదలకుండా చదువుతాను. నాకు ఉద్యోగం కావాలని కాదు, అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. భీమవరం కోర్టుల్లో ప్లీడరు గుమాస్తాగా చేసి మానేసినవాణ్ణి. మా పేట పిల్లలు ఫారాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు, అందుకని చదువుతాను. సిలబస్ వేస్తారు, ఏ సబ్జెక్టుకి ఎన్ని మార్కులో వేస్తారు, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో కూడా చెబుతారు. సెలెక్టయ్యాక చేతికిచ్చే అటెస్టేషన్ ఫారం గురించి మాత్రం ఒక్క ముక్క చూడలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు బోల్తా పడుతున్నది అక్కడే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకిచ్చే ఆ ఫారంలో వరసగా అడుగుతారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టులో కేసు నడిచిందా, నిర్బంధంలో ఉంచారా, బైండోవర్ చేశారా (అంటే మంచిగా ఉంటానని పూచీకత్తు రాయించుకున్నారా), కోర్టు జరిమానా వేసిందా, శిక్ష వేసిందా అని. ప్రతిదానికీ అవును, కాదు. మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హత. ‘ఎప్పుడైనా’ అంటే నిజంగానే ఎప్పుడైనా. నిరుటిదీ అంతే, పాతికేళ్ళ కిందటిదీ అంతే.

మా వీధిలో ఒక లారీ డ్రైవరు గారి అబ్బాయి విశాఖలో రక్షణ శాఖ కింద నడిచే ఒక సంస్థలో టెక్నీషియన్‌గా సెలెక్టయ్యాడు. వాడికి పంతొమ్మిదేళ్ళప్పుడు, భోగి రోజున ఉండి ఊరి వైపు ఒక కోడిపందేల బరి దగ్గర పోలీసులు పట్టుకున్నవాళ్ళలో వీడూ ఉన్నాడు. బరి వేయించినవాళ్ళు దొరకలేదు, షామియానాలు కట్టించినవాళ్ళు దొరకలేదు, పుంజుని చంకలో పెట్టుకుని ఫొటోలు దిగిన పెద్దమనుషులు అసలే దొరకలేదు. జేబులో ఐదొందల నోటు పెట్టుకుని గట్టు దిగి పరిగెత్తలేకపోయిన కుర్రాళ్ళు దొరికారు. గేమింగ్ యాక్ట్, అంటే జూదాల చట్టం, కింద కేసు, కోర్టులో రెండు వందల ఫైన్.

పండగ కేసులు కోర్టుకొచ్చే రోజు ఎలా ఉంటుందో నేను ఏళ్ళ తరబడి చూశాను. వరండా నిండా కుర్రాళ్ళే. పేరు పిలుస్తారు. ‘ఒప్పుకుంటున్నావా?’ ‘ఒప్పుకుంటున్నానండి.’ ఫైన్. తరవాతి పేరు. వాయిదాలకు తిరిగితే కూలి పోతుంది, ప్లీడరు ఫీజు ఫైన్‌కి పదింతలు అవుతుంది, కాబట్టి ఒప్పేసుకుని బయటపడమనే ఎవరైనా చెబుతారు. డబ్బు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిని బస్సెక్కుతారు. బండి మీద పడ్డ చలానా కట్టినట్టే వాళ్ళ లెక్క. నేరం ఒప్పుకుని కోర్టులో కట్టిన ఫైన్ అంటే శిక్ష పడినట్టేనని ఆ వరండాలో చెప్పే నాథుడు లేడు.

ఇంకో మార్గం చట్టంలోనే ఉంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్ ప్రకారం, ఇదివరకు ఏ శిక్షా పడనివాణ్ణి ఇలాంటి చిన్న కేసులో మేజిస్ట్రేటు గారు మందలించి వదిలేయవచ్చు. అలా వదిలేస్తే ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదని పన్నెండో సెక్షన్ చెబుతోంది. అప్పుడైనా ఫారంలో నిజం రాయాల్సిందే, కాకపోతే చేతిలో ఒక ఆధారం ఉంటుంది. చదువుకునే కుర్రాడికి ఫైన్ కన్నా మందలింపు ఎంతో మేలు. కానీ అడగాలిగా! ప్లీడరు లేకుండా నిలబడ్డ కుర్రాడికి అడగాలని ఎలా తెలుస్తుంది?

ఫారం వచ్చిన రోజు మా వీధి అబ్బాయితో వాళ్ళ మావయ్య ‘కాదు అని టిక్ పెట్టెయ్‌రా, రెండు వందల కేసు ఎవడు చూస్తాడు’ అన్నాడట. ఈ సలహా ఇచ్చేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. పోలీసు స్టేషన్ల రికార్డులు ఇప్పుడు సీసీటీఎన్ఎస్ అనే, దేశంలోని స్టేషన్లను కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఉంటున్నాయి. పాత రోజుల్లోలా హెడ్ కానిస్టేబుల్ గారు ఇంటికొచ్చి టీ తాగి ‘మంచి కుర్రాడు’ అని రాసుకుపోయే వెరిఫికేషన్ మీద ఆశ పెట్టుకుంటే మునిగినట్టే. పైగా దాచడం వేరే తప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాలన్నీ వివరంగా చెప్పింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. కుర్రతనంలో నినాదాలు చేసిన కేసులాంటి చిన్నదాన్ని దాచినా, యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చు. నిజం చెప్పినవాడి పాత చరిత్రను పరిశీలించే హక్కు యాజమాన్యానికి ఉంది, ఉద్యోగం ఇచ్చి తీరాలని బలవంతం లేదు. ఈ చివరి మాటే మావాడికి టెన్షన్. అయినా వాడు ‘అవును’ అనే రాశాడు.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. తీర్పు నకలు తెమ్మన్నారు. కాపీ అప్లికేషన్ వేస్తే, ఆ కేసు కాగితాలు నిబంధనల ప్రకారం ఎప్పుడో తీసేశామని కోర్టు నుంచి జవాబు వచ్చింది. చిన్న కేసుల కట్టల్ని కొన్నేళ్ళ తరవాత అలా తీసేయడం మామూలే, అందులో ఎవరి తప్పూ లేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: శిక్ష వేసిన కోర్టే ఆ కాగితం ఇక భద్రపరచక్కర్లేదనుకుంది. ఉద్యోగమిచ్చే ఆఫీసు మాత్రం అదే కాగితం కావాలంటోంది. చివరికి రికార్డు లేదన్న ఆ జవాబునే, రిజిస్టరులో ఉన్న ఒక్క వరుస నకలుతో కలిపి పంపాం. వాడితో పాటు సెలెక్టయినవాళ్ళు చేరి జీతాలు తీసుకుంటున్నారు. వీడికి అవుననీ లేదు, కాదనీ లేదు. ఫోన్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటారు.

రక్షణ సంస్థల్లో ఎవర్ని పడితే వాళ్ళని చేర్చుకోమని నేననను. 2019 డిసెంబరులో విశాఖ కేంద్రంగా బయటపడ్డ గూఢచర్యం కేసు అందరికీ గుర్తుంది. అందులో పట్టుబడ్డవాళ్ళలో ఎక్కువమంది నేవీ సిబ్బందే, వెరిఫికేషన్లు దాటుకుని లోపలికెళ్ళినవాళ్ళే. చూడాల్సింది అప్పులు, పరిచయాలు, మనిషి నడవడి. ఏడేళ్ళ కిందటి కోడిపందెం ఆ సంగతులేవీ చెప్పదు.

గడువు పెట్టడం మన చట్టాలకు చేతకాని పనీ కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్ళో అంతకు మించో జైలు శిక్ష పడ్డ నాయకుడు కూడా, విడుదలైన ఆరేళ్ళకి మళ్ళీ పోటీ చేయవచ్చు. పాస్‌పోర్టు చట్టం కూడా, నైతిక పతనంతో కూడిన నేరానికి కనీసం రెండేళ్ళ శిక్ష పడి ఉంటే, అదీ గత ఐదేళ్ళలోనైతేనే, దాన్ని కారణంగా చూపి పాస్‌పోర్టు నిరాకరించమంటుంది. ఇంగ్లండులో పెద్దవాళ్ళకి కోర్టు వేసిన ఫైన్‌ని ఏడాది దాటాక చాలా ఉద్యోగాలకి చెప్పనక్కర్లేదు. దేశ భద్రత ఉద్యోగాలకైతే అక్కడా అడుగుతారు. దానికి మూలమైన చట్టం వాళ్ళు 1974లో చేసుకున్నారు. మన గేమింగ్ యాక్టూ 1974దే, మనవాళ్ళు ఫైన్ వరకు రాసి ఆపేశారు.

ఫైన్ మాత్రమే పడ్డ చిన్న కేసు ఐదేళ్ళు దాటితే, నిజం రాసినవాడి ఫైలు దాని కోసం ఆపకూడదని కేంద్రం ఒక ఉత్తర్వు ఇవ్వాలి. పోలీసు ఉద్యోగాలకు ఇంకా గట్టిగా చూస్తామంటే చూడండి, అందులో న్యాయం ఉంది. కాదనదలచుకుంటే మూడు నెలల్లో కారణం రాసి ఇవ్వండి, కుర్రాడు హైకోర్టుకి వెళ్తాడో, వేరే పరీక్ష రాసుకుంటాడో తేల్చుకుంటాడు. కోర్టు వరండాలో న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఒక తెలుగు బోర్డు పెట్టినా చాలామంది బాగుపడతారు: ఒప్పుకుంటే శిక్ష పడినట్టే, మందలింపు కోరవచ్చు, నేరం నాటికి పద్దెనిమిదేళ్ళు నిండకపోతే మీ కేసు ఇక్కడికి రానక్కర్లేదు, జువెనైల్ చట్టం ఉంది అని. అటెస్టేషన్ ఫారాన్ని తెలుగులో అర్థమయ్యేలా మీ ఉద్యోగాల పేజీలో ఒక్కసారి వేయండి. సంక్రాంతికి ముందు వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్లీడరు గుమాస్తా,
భీమవరం