పగడాల తొట్టిలో చేపలు ఎందుకు లేవంటే

పిల్లల్ని వెంటేసుకుని మా అక్వేరియానికి తరచూ వచ్చేవాళ్ళందరికీ,

ఈ రోజుల్లో రావాలనుకుంటున్నవాళ్ళకి ముందే ఒక మాట చెప్పాలి. చివరి హాల్లో ఉన్న పగడాల తొట్టిలో ఇప్పుడు ఒక్క చేప కూడా లేదు. ఎనిమోన్లు (రాయికి అంటుకుని పువ్వులా కనబడే సముద్రపు జీవులు) ఉన్నాయి, పగడాలున్నాయి, రొయ్యలూ నత్తలూ ఉన్నాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్‌లు లేవు, బ్లూ టాంగ్ అనే నీలం చేప కూడా లేదు. మీ పిల్లలు టికెట్ చింపించుకున్న దగ్గర్నుంచీ మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేది వాటి కోసమేనని నాకు తెలుసు. ఇంత దూరం వచ్చాక తెలిసి పిల్లలు ఏడుపు మొదలెట్టడం కంటే, ఇంట్లో ఉండగానే మీకు తెలిస్తే వాళ్ళకి ఎలా చెప్పాలో ఆలోచించుకుంటారు.

చేపలకి వైట్ స్పాట్ వచ్చింది. క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు ఇది. ఒంటి మీదా రెక్కల మీదా ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు లేస్తాయి. చుక్కలు కనబడేసరికే అది మొప్పల్లో చేరిపోయి ఉండొచ్చు. ఊపిరాడక చేప వేగంగా మొప్పలాడిస్తుంది, తిండి మానేస్తుంది, రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటుంది. మనుషులకి ఇది అంటదు. పోయిన వారం వచ్చాం, పిల్లలకి ఏమైనా అవుతుందా అని ఫోన్లు చేస్తున్నారు. ఆ టెన్షన్ ఏమీ పెట్టుకోకండి.

ఎలా వచ్చిందన్నది మాత్రం కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది.

కొత్త చేపని మేం ఏనాడూ నేరుగా తొట్టిలో వదల్లేదు. ఎక్కడి నుంచి వచ్చినా సరే, ముందు క్వారంటైన్‌లో ఉంచి, తింటోందా లేదా, ఒంటి మీద ఏమైనా ఉందా చూసుకున్నాకే లోపలికి పంపుతాం. ఈసారి జబ్బు చేపతో రాలేదు. రాయితో వచ్చింది. ఎనిమోన్ అంటుకుని ఉన్న రాయి ఒకటి సప్లయర్ దగ్గర్నుంచి తెప్పించాం. ఈ పరాన్నజీవి చేప ఒంటి మీద కొన్ని రోజులు తిని బలిసి, రాలిపోయి, రాయో ఇసుకో దొరికితే దానికి అంటుకుని చుట్టూ గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లలోనే చీలి వందల్లో అవుతుంది. కంటికి ఆనదు, కడిగితే పోదు. అందుకే ఇలాంటి రాయిని చేపల్లేని తొట్టిలో వారాల తరబడి ఉంచాలి. గుల్లలోంచి బయటపడ్డవి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

మా సప్లయర్‌తో ఒప్పందమే అది. రాయిని చేపల్లేని తొట్టిలో ఉంచి పంపడం వాళ్ళ పని, ఆ శ్రమకి మామూలు రేటు కంటే ఎక్కువ ఇవ్వడం మా పని. రాయితో పాటు సంతకం పెట్టిన కాగితం కూడా వచ్చింది. మొదటి చుక్క కనబడ్డాక ఆ కాగితం తీసి, ఏ తొట్టిలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉంచారో రిజిస్టర్ కాపీ పంపమన్నాను. ఇవాళ అన్నారు, రేపు అన్నారు. గట్టిగా అడిగితే అసలు విషయం బయటికొచ్చింది. వాళ్ళ దగ్గర నీళ్ళని చల్లబరిచే మెషిన్, చిల్లర్, పాడైతే, నీళ్ళు వేడెక్కిపోతున్నాయని, ఎనిమోన్ చచ్చిపోతుందన్న భయంతో రాయిని తీసుకెళ్ళి చేపల తొట్టిలో పెట్టారట. చిల్లర్ బాగయ్యాక మళ్ళీ వెనక్కి మార్చి, రోజుల లెక్క మాత్రం ఆపకుండా కొనసాగించారు.

"రెండు మూడు రోజులే కదండీ" అన్నారు ఫోన్లో.

చిల్లర్ ఎవరికైనా పాడవుతుంది. మాకూ పాడైంది. ఒక్క ఫోన్ చేసి సంగతి చెప్పి ఉంటే నేనే ఆగేవాణ్ణి, డబ్బులు కూడా ముందే ఇచ్చేవాణ్ణి. జబ్బు అంటుకోవడానికి ఒక్క రాత్రి చాలని వాళ్ళకి నేను చెప్పాలా? ఈ వ్యాపారంలో నాకంటే పాతవాళ్ళు. వాళ్ళ పేరు మీలో కొందరు అడిగారు, చెప్పను. రాయి డబ్బులు వాపసు ఇస్తామన్నారు, అదీ తీసుకోలేదు. తీసుకుంటే లెక్క సరిపోయినట్టు అవుతుంది.

వాళ్ళని నమ్మడం మీ తప్పు కాదా అని మన పాత కస్టమర్ ఒకాయన అడిగారు. కాదండీ. పని పంచుకున్నాక రెండో మనిషి పని కూడా మనమే చేసుకోవాలంటే ఇక పంచుకోవడం దేనికి? ఇకమీదట రాళ్ళని కూడా మేమే ఇక్కడే విడిగా ఉంచుకుంటాం. అది వేరే సంగతి.

తర్వాత ఏం చెయ్యాలన్నది పెద్ద కష్టమైన నిర్ణయం కాదు. ఈ జబ్బుకి మందు రాగి. నీళ్ళలో కొలత ప్రకారం కలపాలి. తగ్గితే పని చెయ్యదు, ఎక్కువైతే చేపనే చంపుతుంది. అదే రాగి ఎనిమోన్లకీ పగడాలకీ నత్తలకీ రొయ్యలకీ విషం. పైగా రాళ్ళు రాగిని పీల్చుకుంటాయి, ఆ తర్వాత ఆ తొట్టిలో పగడాన్ని నమ్మకంగా పెంచలేం. కాబట్టి పెద్ద తొట్టిలో మందు వెయ్యడమన్న మాటే లేదు. చేపలన్నిటినీ వలతో పట్టి, వెనక గదిలోని ఆస్పత్రి తొట్టిలోకి మార్చాం. పెద్ద తొట్టిని చేపల్లేకుండా ఖాళీగా వదిలేశాం. లోపల మిగిలినవి ఆకలికి చావాలి. గుల్లల్లో కొన్ని చాలా ఆలస్యంగా తెరుచుకుంటాయి కాబట్టి సముద్రపు చేపలు పెంచేవాళ్ళలో చాలామంది 76 రోజుల లెక్క పాటిస్తారు. మేమూ అదే పాటిస్తున్నాం.

ఒక చేపని కాపాడుకోలేకపోయాం. క్లౌన్ ఫిష్‌లలో పెద్దది పోయింది. ఎనిమోన్ మధ్యలోంచి బయటికొచ్చి, అద్దం తుడిచే మా డైవర్ వేలుని పొడిచేది, అదే. ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ దానికి "మేనేజరు" అని పేరు పెట్టారు. మాట తప్పు కాదు. క్లౌన్ ఫిష్‌ల గుంపులో అన్నిటికంటే పెద్దదే ఆడది, పెత్తనమంతా దానిదే. దాని తర్వాతిది మగది. మిగతావి ఇంకా ఎదగని చిన్నవి. ఆడది పోతే ఆ మగదే కొంతకాలానికి ఆడదిగా మారుతుంది. అంటే కొత్త మేనేజరు రాబోతోంది, కానీ పాతది రాదు. పిల్లలు అడిగితే నిజమే చెప్పమని మా వాళ్ళకి చెప్పాను. మీకు అభ్యంతరమైతే లోపలికి వెళ్ళకముందే ఒక మాట చెప్పండి, మేం నోరు మెదపం.

నేను నిజంగా నలిగిపోయింది ఇంకో విషయంలో. ఆస్పత్రి తొట్టిని పిల్లలకి చూపించాలా వద్దా?

మా దగ్గర చేపల సంరక్షణ చూసుకునే అమ్మాయి ఈ ఆలోచన తెచ్చింది. ఆ గది తలుపులో ఒక చెక్క తీసేసి అద్దం బిగిద్దాం, పిల్లలు వాళ్ళ చేపల్ని చూసుకుంటారు అంది. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను, ఈసారి కాస్త గొంతు పెంచి.

ఆ గదిలో ఏముంటుందో చెప్తాను. ఇసుక లేని, రాయి లేని ఉత్త గాజు తొట్టి, ఎందుకంటే అవి రెండూ మందుని తాగేస్తాయి. చేపలు దాక్కోవడానికి కోసి పెట్టిన తెల్ల పీవీసీ పైపు ముక్కలు. స్పాంజి ఫిల్టరు, బుడగలు. గోడకి వేలాడే ఎర్ర పిడి వలలు, అవి ఆ గది దాటి బయటికి రాకూడదని రంగు వేశాం. బకెట్లు, తడి తువాళ్ళు, రాగి కొలిచే టెస్ట్ కిట్లు, గోడకి అంటించిన చార్టు. అక్వేరియం నడపడమంటే సగం దాచిపెట్టే పనే. పంపు మోత వినబడకూడదు, పైపు కనబడకూడదు, నీళ్ళు తప్ప ఇంకేమీ లేనట్టుండాలి. ఇన్నేళ్ళుగా ఆ పని మీదే ఉన్నాం. ఇప్పుడు టికెట్ కొని వచ్చినవాళ్ళకి పైపు ముక్కలు చూపించాలా? అందులోనూ ఒంట్లో బాగోని చేపల్ని? గాలిలో కంటే నీళ్ళలో శబ్దం నాలుగు రెట్లు వేగంగా పోతుంది. ఒక చిన్నోడు అద్దం మీద కొట్టాడంటే లోపల వాటికి ఎక్కడ దాక్కోవాలో తెలియదు.

ఈలోగా రకరకాల సలహాలు వచ్చాయి. చేపలు నిద్రపోతున్నాయని చెప్పమన్నారు కొందరు. తొట్టి ముందు టీవీ పెట్టి వీడియో వెయ్యమన్నారు. తాత్కాలికంగా వేరే క్లౌన్ ఫిష్‌లు తెచ్చి వెయ్యమన్నవాళ్ళూ ఉన్నారు, పిల్లలకి తేడా ఏం తెలుస్తుందని. తెచ్చిన వాటికీ అదే జబ్బు అంటుకుంటుంది, 76 రోజుల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అయినా పిల్లలకి తేడా తెలియదన్నది ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు పిల్లల పక్కన నిలబడి చూసినట్టు లేరు.

నా మనసు మారింది ఒక నాలుగేళ్ళ పాప వల్ల. ఖాళీ ఎనిమోన్ ముందు నిలబడి, చేప ఏదని అడిగింది. ఒంట్లో బాగోలేదు, ఆస్పత్రిలో ఉంది అన్నాను.

"సూది వేశారా?"

"లేదమ్మా, మందు నీళ్ళలో కలిపాం."

"తాగిందా?"

సముద్రపు చేపలు నిజంగానే నీళ్ళు తాగుతాయి, తాగకపోతే ఒంట్లో నీరు నిలవదు. తాగింది అన్నాను. చేదుగా ఉందా, ఏడ్చిందా, దానికి తోడు ఎవరున్నారు, ఇలా వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళేదాకా అడుగుతూనే ఉంది. పక్క తొట్టిలో ఇంత పెద్ద ఈల్ చేప నోరు తెరుచుకుని ఉంటే దాని వంక కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే తలుపులో చెక్క తీయించాను. నేను పెట్టిన షరతులకి మాత్రం ఒప్పుకోవాలి. అద్దం చిన్నది, పిల్లల ఎత్తులో పెట్టాం, పెద్దవాళ్ళు చూడాలంటే వంగాలి. ఒకేసారి నలుగురైదుగురికి మించి నిలబడనివ్వం. ఫ్లాష్ వద్దు, చేపకి కనురెప్పలుండవు. అద్దం మీద కొట్టిన పిల్లల్ని ఏమీ అనం, పెద్దవాళ్ళని అంటాం. చేపలు బెదురుతున్నాయని వాటి సంరక్షణ చూసే ఆ అమ్మాయికి అనిపిస్తే పరదా వేసేస్తుంది. అప్పుడు ఎవరు అడిగినా తీయదు, నేను అడిగినా సరే.

ఇప్పుడు అక్కడ కనబడేదేమిటంటే, ఆ మగ క్లౌన్ ఫిష్ పైపు ముక్కలో దూరి, తల మాత్రం బయటపెట్టి, ఎవరైనా వస్తే ముందుకొచ్చి మళ్ళీ వెనక్కి పోతుంటుంది. ఎనిమోన్‌లో ఎలా ఉండేదో పైపులోనూ అలాగే ఉంది. దీన్ని చూడ్డానికా టికెట్ కొన్నది అని ఒకాయన కౌంటర్ దగ్గర గొడవ చేశారు. ఆయన డబ్బు ఆయనకి ఇచ్చేశాం. ఇంకెవరికైనా అలాగే అనిపిస్తే, చివరి హాలు చూశాక కూడా అడగొచ్చు, ఇస్తాం. నాకు నచ్చి కాదు, మాటంటే మాట.

మిగతా విషయాలు గబగబా చెప్పేస్తాను. పగడాల తొట్టి దగ్గర తిండి పెట్టే షో లేదు. ఎనిమోన్లకి మాత్రం పట్టకారుతో రొయ్య ముక్కలు పెడుతున్నాం, చేపల వ్యర్థాల నుంచి వాటికి అందే పోషణ ఇప్పుడు లేదు కాబట్టి. చూస్తామంటే పిల్లల్ని ముందు వరసలో నిలబెడతాం. మూడేళ్ళ లోపు పిల్లలతో వచ్చేవాళ్ళు ఈసారి సముద్రగుర్రాల దగ్గర్నుంచి మొదలుపెట్టండి. వాటికి జీర్ణాశయం ఉండదు, అందుకే రోజులో చాలాసార్లు తింటాయి, మీరు ఎప్పుడొచ్చినా ఏదో ఒక కదలిక ఉంటుంది. జెల్లీ ఫిష్ గది చీకటిగా ఉంటుందని ముందే చెప్పి తీసుకెళ్ళండి, చెప్పకపోతే గుమ్మం దగ్గరే ఆగిపోతారు. స్టార్ ఫిష్‌ని ముట్టుకునే తొట్టి తెరిచే ఉంది. దాని నీళ్ళూ ఫిల్టరూ వేరు, వలలూ వేరు. ఎప్పటిలాగే రెండు వేళ్ళతో మెల్లగా, నీళ్ళలోంచి పైకి తియ్యకుండా. ముట్టుకోకముందు ఒకసారి, తర్వాత సబ్బుతో ఒకసారి చేతులు కడిగించండి. చేతులకి క్రీము రాసుకుని ఉంటే ఆ రోజుకి చూసి ఊరుకోవాలి.

ఏడాది పాస్ ఉన్నవాళ్ళకి, పగడాల తొట్టి ఖాళీగా ఉన్నన్నాళ్ళూ గడువు దానంతటదే పెరుగుతుంది. ఏ ఫారమూ నింపక్కర్లేదు. స్కూలు నుంచి గుంపుగా వచ్చేవాళ్ళు తేదీ మార్చుకోవాలంటే ఒక ఫోన్ చేస్తే చాలు.

చేపలు ఎప్పుడు తిరిగొస్తాయని తేదీ అడగకండి. మధ్యలో ఒక్క చుక్క కనబడినా చికిత్స పొడిగించాల్సి వస్తుంది, తొందరపడి ఒక్కదాన్ని కూడా ముందుగా వెయ్యను. సెలవులు అయిపోతాయి, రద్దీ పోతుంది అని మా ఇంట్లోవాళ్ళే అంటున్నారు. పోనివ్వండి. తిరిగి వేసే రోజు ఖాయమయ్యాక కౌంటర్ దగ్గర బోర్డు పెడతాం, పాస్ ఉన్నవాళ్ళకి ముందు రోజే మెసేజ్ పంపుతాం. నీళ్ళు అలవాటు చేసి వదలడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి ఆ రోజు పిల్లలకి మధ్యాహ్నం నిద్ర అయ్యాకే తీసుకురండి.