ఐడీ గెలిచిందా, ఆటగాడు గెలిచాడా?

సంపాదకుల వారికి,

కాలేజీ ఫెస్టుల సీజన్ వచ్చిందంటే రుషికొండ నుంచి గాజువాక దాకా మొబైల్ గేమ్ పోటీల పోస్టర్లే. ప్రైజ్ మనీ పెద్ద అక్షరాల్లో, ఎంట్రీ ఫీజు చిన్న అక్షరాల్లో. ఏ సెట్టింగుల మీద ఆడిస్తారన్నది మాత్రం ఎక్కడా రాయరు. గెలిచింది ఆటగాడా, లేక అతను రెండేళ్లుగా పెంచుకుంటూ వచ్చిన అకౌంటా (ఆటగాళ్ల మాటలో ఐడీ) అన్నది తేలేది ఆ రాయని సెట్టింగుల దగ్గరే.

‘రోజూ గంటల తరబడి కూర్చుని లెవెల్ పెంచుకున్నాడు, ఆ మాత్రం ఆధిక్యం ఉండొద్దా?’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కష్టానికి ఫలితం దక్కొద్దని ఎవరంటారు? ఆ ఫలితం ఏ రూపంలో దక్కాలన్న దగ్గరే పేచీ. మన ఉత్తరాంధ్రకు వెయిట్‌లిఫ్టింగ్ కొత్త కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఏళ్ల సాధన అంతా ఆమె ఒంట్లోకి వెళ్లింది. ఎక్కువ కాలం సాధన చేశారు కదా అని ఆమె బార్‌కు ఎవరూ ప్లేట్లు తగ్గించలేదు. లెవెల్ పెరిగినకొద్దీ బలం పెంచే ఆటలు చేసేది ఆ ప్లేట్లు తగ్గించే పనే.

క్లాష్ రాయల్ సంగతి చూడండి. 2016లో వచ్చిన ఈ మొబైల్ ఆటలో కార్డులు వేసి సైనికులను దింపి ఎదుటివాడి టవర్లు కూల్చాలి. కార్డు ఒక్క లెవెల్ పెరిగితే దాని హెచ్‌పీ (దెబ్బలు ఓర్చుకునే శక్తి), డ్యామేజ్ (కొట్టే దెబ్బ బలం) రెండూ సుమారు పది శాతం చొప్పున పెరుగుతాయి. పది శాతమే కదా అనిపిస్తుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి 1000 హెచ్‌పీ, దెబ్బకు 100 డ్యామేజ్ ఉన్న సైనికుణ్ని అనుకుందాం. ఇద్దరిదీ ఒకే లెవెల్ అయితే పది దెబ్బలకు వీడూ పడతాడు, వాడూ పడతాడు. ఒకడు మూడు లెవెళ్లు పైన ఉంటే పది శాతం మీద పది శాతం ఎక్కి 1331 హెచ్‌పీ, 133 డ్యామేజ్ అవుతాయి. పైవాడికి ఎనిమిది దెబ్బలు చాలు. కిందివాడికి పద్నాలుగు కావాలి. ఓర్చుకునే శక్తి, కొట్టే శక్తి రెండూ కలిసి పెరిగాయి కాబట్టి అసలు తేడా 33 శాతంతో ఆగదు. 1.33ను 1.33తో గుణించాలి. దాదాపు 1.77 రెట్లు!

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఈ ఆటలో నేర్పు అంటే ప్రధానంగా ఎలిక్సిర్ పొదుపు, అంటే కార్డు వేసినప్పుడల్లా ఖర్చయ్యి, కాలంతో మళ్లీ నిండే శక్తిని పొదుపుగా వాడటం. ఫైర్‌బాల్ అనే స్పెల్ (మంత్రం) కార్డుకు 4 ఎలిక్సిర్ ఖర్చు. మ్యాచ్ మొదట్లో ఒక ఎలిక్సిర్ నిండటానికి 2.8 సెకన్లు పడుతుంది కాబట్టి ఆ కార్డు ఖరీదు 11.2 సెకన్లు. ఏ స్పెల్‌కు ఏ సైనికుడు చస్తాడన్నది ఆటగాళ్లు కంఠతా పట్టేస్తారు, కానీ ఆ పట్టిక సమాన లెవెళ్లకే పనిచేస్తుంది. 1000 డ్యామేజ్ స్పెల్‌కు 1000 హెచ్‌పీ సైనికుడు చావాలి. ఒక్క లెవెల్ పైన ఉంటే వాడికి 1100. సరైన క్షణంలో, సరైన చోట వేసినా వాడు 100 హెచ్‌పీతో మిగిలి టవర్ మీదికి నడుస్తూనే ఉంటాడు. వాణ్ని ఆపడానికి ఇంకో కార్డు, ఇంకొన్ని సెకన్లు. బయట నుంచి చూసేవాడికి ఇది ‘తప్పు కార్డు వేశాడు’ అన్నట్టే కనిపిస్తుంది. అదే ఆటలో టోర్నమెంట్ పెడితే లెవెళ్లకు పరిమితి ఉంటుంది. లెవెల్ తేడాతో పోటీ నడవదని తయారీదారులకూ తెలుసన్నమాట.

దీనికి వినిపించే సమాధానం ‘మ్యాచ్‌మేకింగ్ సమ ఉజ్జీలనే కలుపుతుంది కదా’ అని. కలుపుతుంది, నిజమే. కానీ కలిపేది దేని ఆధారంగా? ప్రధానంగా గెలిస్తే పెరిగి, ఓడితే తగ్గే ట్రోఫీల ఆధారంగా. నేర్పు ఎక్కువ, లెవెల్ తక్కువ ఉన్నవాడూ, లెవెల్ ఎక్కువ, నేర్పు తక్కువ ఉన్నవాడూ ఒకే ట్రోఫీల దగ్గర తగులుతారు. ఇద్దరూ సగం గెలుస్తారు, సగం ఓడతారు. ఆ అంకె చూసి ఎవరు బాగా ఆడతారో చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా నేర్పున్నవాడు ఒక ఎత్తు దాటాక లెవెల్ గోడకు తగిలి ఆగిపోతాడు. సరిగ్గా అక్కడే తెరమీద డిస్కౌంట్ ప్యాక్ ప్రత్యక్షమవుతుంది. గ్రైండ్‌ను (లెవెల్ కోసం గంటల తరబడి చేసే చాకిరీని) సాగదీసేది ఆటలో మజా కోసమేనని నమ్మేవాళ్లు 2017 నవంబరు నాటి స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 గొడవను గుర్తు చేసుకోవాలి. డార్త్ వేడర్ అనే పాత్రతో ఆడాలంటే ఆటలో సంపాదించే క్రెడిట్లు 60,000 కావాలి, అవి కూడబెట్టడానికి నలభై గంటలు పడుతుందని ఆటగాళ్లు లెక్కగట్టారు. గగ్గోలు పుట్టగానే కంపెనీ 75 శాతం కోసి 15,000 చేసింది. విడుదలకు ముందే డబ్బుతో కొనే ఏర్పాటును తాత్కాలికంగా ఆపేసింది. ఒక్క ప్రకటనతో నాలుగో వంతుకు దిగిపోయే కష్టాన్ని కష్టం అనాలా, ధర అనాలా?

కనిపించని గ్రైండ్ ఇంకొకటి ర్యాంకుల్లో ఉంది. చివరిదాకా బతికిన జట్టు గెలిచే తుపాకుల ఆట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)లో అందరూ ఒట్టి చేతులతోనే దూకుతారు కాబట్టి తుపాకీ బలంలో తేడా లేదు. ఆ మేరకు ఆ ఆటను మెచ్చుకోవాల్సిందే. కానీ ఏస్, కాంకరర్ లాంటి ర్యాంకులు నేర్పుకు కొలమానం అనుకుంటేనే పొరపాటు. కాంకరర్ అంటే సర్వర్‌లో మొదటి 500 మందిలో ఉండటం. అక్కడికి చేరడానికి షూటింగ్ ఎంత ముఖ్యమో, కూర్చునే ఓపిక అంతే ముఖ్యం. గెలిస్తే 20 పాయింట్లు ఇచ్చి, ఓడితే 15 మాత్రమే కోసే ఒక నిచ్చెనను ఊహించండి. సగం మ్యాచ్‌లు ఓడేవాడికి కూడా మ్యాచ్‌కు సగటున 2.5 పాయింట్లు మిగులుతాయి. 40 మ్యాచ్‌లు ఆడితే 100, 400 ఆడితే 1000. ఆట అంగుళం కూడా మెరుగుపడకుండానే ర్యాంకు ఎగబాకుతుంది. చదరంగంలో 1970లో ప్రపంచ సమాఖ్య ఫిడే తీసుకున్న ఈలో రేటింగు పద్ధతి అలా కాదు. దాని మూలసూత్రం ప్రకారం ఒకరికి వచ్చేది ఇంకొకరికి పోయేదే. 400 పాయింట్ల తేడా ఉంటే పైవాడు పదికి తొమ్మిది పాయింట్లు తెచ్చుకుంటాడని ముందే అంచనా వేస్తుంది. అందుకు తగ్గకుండా ఆడితేనే రేటింగు నిలుస్తుంది. వెయ్యి ఆటలు ఆడినంత మాత్రాన రేటింగు పెరగదు.

అసలు గంటలే అందరికీ సమానంగా లేవు. స్టీల్ ప్లాంట్‌లో మూడు షిఫ్టులు మారే కుర్రాడికి, రుషికొండ ఐటీ హిల్ మీద నైట్ షిఫ్టు చేసే అమ్మాయికి, సెలవుల్లో ఖాళీగా ఉన్న డిగ్రీ కుర్రాడికి రోజులో మిగిలే సమయం ఒకటేనా? బీజీఎంఐ 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు వారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అని పరిమితి పెట్టారు. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా అది మంచి నిబంధనే. కానీ ఇంటర్ చదివే పదహారేళ్ల పిల్లాడు నిజాయితీగా తన ఐడీతోనే ఆడితే, గంటల మీద నడిచే ర్యాంకులో సగం దూరంలోనే ఆగిపోవాలి. ‘డైమండ్ ర్యాంకు పైవారికే ప్రవేశం’ అని పోస్టర్ మీద రాసేవాళ్లకు ఈ సంగతి తట్టినట్టు లేదు.

గంటల పందెం చివరికి ఎటు దారితీస్తుందో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2005లోనే చూపించింది. అందులో పీవీపీ (ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే) ర్యాంకులు 14. వారం వారం సర్వర్‌లోని మిగతావాళ్లతో పోల్చి పాయింట్లిచ్చేవారు, ఆడని వారం తరుగు పడేది. చిట్టచివరి ర్యాంకు కోసం ఒకే అకౌంట్‌ను ఇద్దరు ముగ్గురు వంతులేసుకుని పగలూ రాత్రీ ఆడించారు. 2006 డిసెంబరులో ఆ పద్ధతినే ఎత్తేశారు. ఇప్పుడు మన దగ్గర జరుగుతున్న ఐడీల బేరం దాని తమ్ముడే. అన్నీ గరిష్ఠానికి పెంచిన మ్యాక్స్ ఐడీ అమ్ముతామని ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో ప్రకటనలు. డబ్బు చేతిలో పడ్డాక, మొదట లింక్ చేసిన మెయిల్‌తో పాత యజమాని ఐడీని వెనక్కి లాక్కుంటాడు. ఐడీ అమ్మకం చాలా ఆటల నిబంధనలకే విరుద్ధం కాబట్టి కంపెనీకి మొరపెట్టుకున్నా ప్రయోజనం ఉండదు.

ఇంత చెప్పాక గ్రైండ్ అంతా చెడ్డదని అనడం కూడా అన్యాయమే. నలుగురూ కలిసి కంప్యూటర్ రాక్షసుణ్ని కొట్టే ఆటలో ఒకరి లెవెల్ ఎక్కువైతే మిగతా ముగ్గురికీ లాభమే. వేళ్లు చురుగ్గా కదలని పెద్దవాళ్లు, చేతికి వైకల్యం ఉన్నవాళ్లు ఓపికతో ముందుకు వెళ్లే దారి అది ఒక్కటే. ఆ దారి మూసేయమనడం లేదు. ఎదుట మనిషి ఉన్నప్పుడు, గెలుపు ఓటములు రాసుకుంటున్నప్పుడు మాత్రం అది లోపలికి రాకూడదు. ఇది అసాధ్యమూ కాదు. 2005లోనే గిల్డ్ వార్స్‌లో మనుషుల మధ్య పోటీకి గరిష్ఠ లెవెల్ 20 పాత్రను మొదటి రోజే తయారు చేసుకోవచ్చు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఆడి ఆడి కొనుక్కోవాల్సిన, పాత్ర బలం పెంచే రూన్లను 2017 నవంబరులో తీసేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. డోటా 2లో హీరోలందరూ మొదటి నుంచీ ఉచితమే. ఈ మార్పులతో ఆ ఆటల్లో పోటీ పలచబడలేదు.

ఒక ఆట ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. పాత ఐడీ ఉన్న మామూలు ఆటగాణ్ని, కొత్త ఐడీ ఉన్న మంచి ఆటగాణ్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి పది మ్యాచ్‌లు ఆడించాలి. తర్వాత ఐడీలు మార్చి మరో పది. ఫోన్లు మాత్రం ఎవరివి వారి దగ్గరే ఉంచాలి, లేకపోతే స్క్రీన్ తేడా లెక్కలోకి వస్తుంది. సెన్సిటివిటీ, బటన్ల అమరిక ఐడీతో పాటు మారిపోతాయి కాబట్టి వాటిని మళ్లీ పెట్టుకోవాలి (బీజీఎంఐలో కోడ్‌తో నిమిషంలో అయిపోతుంది). గెలుపులు ఐడీ వెంట వెళితే అది లెవెళ్ల ఆట, మనిషి వెంట వెళితే నేర్పు ఆట. ఒక జాగ్రత్త: పదిలో ఏడు గెలుపులు చూసి తీర్పు చెప్పేయకూడదు. ఇద్దరూ అచ్చంగా సమానమైనా ఎవరో ఒకరికి ఏడుకు తగ్గకుండా వచ్చే అవకాశం మూడింట ఒక వంతుంది. రెండు విడతల్లోనూ తొమ్మిదో పదో ఒకే వైపు వస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

చట్టం కూడా ఈ గీత దగ్గరికే వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు చర్చంతా అదృష్టానికీ నేర్పుకూ మధ్యే. పాతకాపుకైనా కొత్తవాడికైనా చేతిలో పదమూడు ముక్కలే కాబట్టి ‘గంటలు’ అనే మూడో లెక్క అప్పుడు రాలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరు చేసింది. ఫలితం ఆటగాడి శారీరక చురుకుదనం, బుద్ధి చురుకుదనం, వ్యూహం లాంటి నైపుణ్యాల మీదే ఆధారపడాలని ఆ నిర్వచనంలో ఉంది. గుర్తింపు, రిజిస్ట్రేషన్ షరతులూ ఉన్నాయి. ఎంట్రీ ఫీజు తీసుకుని పోటీ పెట్టేవాళ్లు ఆ నిర్వచనాన్ని ఒకసారి చదవాలి. లెవెళ్ల బలం ఉన్న మోడ్‌లో పోటీ పెట్టి అది ఈ-స్పోర్ట్ అంటే నిలబడుతుందా?

నిర్వాహకులు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల ఆటలో తుపాకీ స్కిన్లకు (పై అలంకరణలకు) డ్యామేజ్, ఫైర్ రేట్ (కాల్పుల వేగం) లాంటి హెచ్చుతగ్గులుంటాయి, క్యారెక్టర్లకు శక్తులుంటాయి. నిర్వాహకులే సెట్టింగులు పెట్టుకునే కస్టమ్ రూమ్‌లో గన్ ఆట్రిబ్యూట్స్, క్యారెక్టర్ స్కిల్ రెండూ ఆఫ్ చేసి, ఆ స్క్రీన్‌షాట్ మ్యాచ్‌కు ముందే గ్రూపులో పెట్టాలి. మ్యాచ్ అయ్యాక పెడితే గొడవే. క్లాష్ రాయల్ అయితే పరిమితి ఉన్న టోర్నమెంట్ మోడ్ తప్ప మరొకటి వద్దు. బీజీఎంఐలో 16 జట్లు, 64 మందితో ఒకే మ్యాచ్ ఆడించి విజేతను ప్రకటిస్తున్నారు. కుంచించుకుపోతూ వచ్చే జోన్ (సురక్షిత ప్రాంతం) ఎటు పడిందన్నదే అక్కడ సగం ఫలితం. కనీసం ఆరు మ్యాచ్‌లు, రెండు మూడు మ్యాపుల్లో ఆడించాలి. మొదటి స్థానానికి 10, ఆ తర్వాత వరుసగా 6, 5, 4, 3, 2, 1, 1, ఒక్కో ఫినిష్‌కు (ప్రత్యర్థిని పడగొట్టినందుకు) ఒకటి అన్న పాయింట్ల పట్టిక అందరికీ తెలిసిందే, అదే వాడితే చాలు. ట్యాబ్‌లో ఎక్కువ మేర కనిపిస్తుంది కాబట్టి ట్యాబ్‌లను అనుమతిస్తారో లేదో పోస్టర్ మీదే రాయాలి. ప్రవేశానికి ర్యాంకు షరతు తీసేసి, జట్లు ఎక్కువైతే అర్హత మ్యాచ్ పెట్టాలి.

మీ నగర పేజీలో ఈ పోటీల విజేతల ఫొటోలు వస్తుంటాయి. ఏ మోడ్‌లో, ఏ సెట్టింగులతో, ఎన్ని మ్యాచ్‌ల మీద గెలిచారో ఆ ఫొటో కింద ఒక్క వాక్యం వేయమని విలేకరులకు చెబితే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం